పళ్ళపొడి డబ్బాలు

మార్చి 4, బుధవారం

ఈ ఉదయం పదకొండు గంటలకి పళ్ళపొడి డబ్బాలు తొమ్మిదీ పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశాను. వాటిలో ఉన్నవి పళ్ళపొడి ప్రకటనలు కావని సాయంత్రం నాలుగున్నరకి గుర్తొచ్చింది.

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. వరస తప్పితే రేపు నాకే అనుమానం వస్తుంది.

నెలాఖరుకి సినిమా హాలు కొన్నవాళ్ళకి అప్పగించాలి. ఆపరేటర్ క్యాబిన్ పక్కనున్న స్టోరు ఖాళీ చేయించడం మేనేజరుగా నా పని. స్టోరు తాళంచెవి బావ దగ్గర ఉంటుంది, ఆపరేటరు కాబట్టి. బావకి నిన్నటినుంచి జ్వరం. పొద్దున వాళ్ళింటికి వెళ్ళి అడిగితే దుప్పట్లోంచి చెయ్యి బయటికి పెట్టి తాళంచెవి ఇచ్చాడు. "అన్నీ పారెయ్యకు, నేనొచ్చి చూస్తాను" అన్నాడు. అక్క పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నేను వచ్చిందీ వెళ్ళిందీ తనకి తెలియదు.

స్టోరులో విరిగిన కుర్చీల చేతులు, పోస్టర్ల కట్టలు, హాలు వెనక, కార్లలో కూర్చుని సినిమా చూసే కార్ల మైదానంలో వాడిన స్పీకర్లు, తుప్పుపట్టిన రేకు డబ్బాలు. డబ్బాల మీద ఎర్ర రంగుతో 'పళ్ళపొడి' అని బావ చేతిరాత. పాత సామాన్లవాడు ఒక మూత తీసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. పుల్లటి వాసన. "ఫిలిం కుళ్ళిపోయింది సార్. ఇవాళ బండిలో చోటు వీటికే ఉంది. తీసుకెళ్ళమంటారా?" తీసుకెళ్ళమన్నాను. మిగతావి ఇంకోరోజు చూద్దామన్నాను.

నాలుగున్నరకి ఫోను. సినిమా సంగ్రహాలయం నుంచి ఒక మేడం. పాత హాళ్ళ చరిత్ర రాస్తున్నారట.

"మీ ఊరివాళ్ళని ఏటా సినిమా తీసేవారట కదండీ. ఆ రీళ్ళు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయండి, తొమ్మిది" అన్నాను. తొమ్మిది అన్న మాట బయటపడ్డాక డబ్బాలు కళ్ళముందుకి వచ్చాయి.

"భద్రంగా ఉన్నాయా?"

"ఉన్నాయండి."

మొదటి 'ఉన్నాయండి' పొరపాటు. రెండోది కాదు.

మార్చి 5

పళ్ళపొడి అంటే ఏమిటో ఆ హాల్లో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. కార్ల మైదానం తెరిచిన తేదీ వచ్చినప్పుడల్లా పాత ఓనరు ఒక కెమెరా మనిషిని పిలిపించేవాడు. అతన్ని గేటు దగ్గర నిలబెట్టి వచ్చిన ప్రతి కారునీ, ప్రతి స్కూటర్నీ, నడిచి వచ్చిన ప్రతి మనిషినీ తీయించేవాడు. వారం పోయాక దాన్ని ఇంటర్వెల్లో వేసేవాళ్ళం. తెర మీద తమని తాము చూసుకోవడానికి జనం మళ్ళీ టికెట్టు కొనేవాళ్ళు. వాటికి సెన్సారు కాగితం లేదు. తనిఖీవాళ్ళ కంటపడితే పట్టుకుపోతారని ప్రకటనల డబ్బాల్లో పెట్టేవాళ్ళం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి అదే డబ్బా మీద టీ గ్లాసు పెట్టుకుని అరగంట కూర్చున్నాడు. బావ ఆ సంగతి చెప్పేటప్పుడు అతనిచేత టీ రెండు సార్లు తాగిస్తాడు, కొన్నిసార్లు మూడు.

'పళ్ళపొడి వేద్దామా' అని ముప్ఫై ఏళ్ళు నేనూ అన్నాను. నిన్న ఆ అక్షరాలు చూసి పళ్ళపొడి అనుకున్నాను. మర్చిపోయాను.

పొద్దునే పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను.

"ఫిలిమా? నిన్న సాయంత్రమే లారీ ఎక్కింది సార్. కడిగి వెండి తీస్తారంట. ఆ కంపుకి మా ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది, అందుకే ఉంచలేదు."

"లారీ ఎక్కడికి వెళ్తుంది?"

"మూడు నాలుగు చేతులు మారుతుంది. నాకు మొదటి చెయ్యే తెలుసు."

నా ఎదుటే ఫోను చేశాడు. రాత్రే ముక్కలు చేసి తొట్టిలో వేశారని అటునుంచి చెప్పారు. "డబ్బాలు నా దగ్గరే ఉన్నాయి, కావాలా?" అన్నాడు.

డబ్బాలు తొమ్మిదీ తిరిగి కొన్నాను. స్టోరులో ఎక్కడివి అక్కడ, అదే వరసలో పెట్టాను. చరిత్రకి డబ్బాలైనా ఉండాలి.

తాళంచెవి ఇవ్వడానికి వెళ్తే బావ నిద్రపోతున్నాడు. మేకుకి తగిలించి వచ్చేశాను.

మార్చి 6

బావకి జ్వరం తగ్గలేదు. ఈ స్థితిలో చెప్పడం భావ్యం కాదు.

మార్చి 7

జ్వరం తగ్గింది. నీరసం ఉంది.

మార్చి 9

బావ హాలుకి వచ్చాడు. గడ్డం గీసుకుని, జుట్టుకి రంగు వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో. చేతిలో కొత్త గుడ్డ, ఫిలిం తుడిచే మందు సీసా.

"ఏరా బావమరిదీ, మొహం అలా పెట్టావు. నేను పోతే క్యాబిన్లో కుర్చీ నీకొస్తుందని ఆశపడ్డావా? ఇంటర్వెల్ ఇచ్చానంతే."

ఇరవై తొమ్మిదిన ముగింపు ఆట. మైదానంలో, పాత ప్రొజెక్టరు మీద, ఊరి రీళ్ళు తొమ్మిదీ వరసగా. నడిపేది బావ. ఆ ఆట కోసమే ప్రొజెక్టరు భాగాలన్నీ విప్పి నూనె పెట్టి మళ్ళీ బిగించాడు. రెండు నెలలుగా అక్కతో మాట్లాడిన మాటలకంటే ఆ మెషిన్‌తో మాట్లాడినవి ఎక్కువని అక్కే అంటుంది.

మెట్ల దగ్గర టైలరమ్మ పట్టుకుంది. హాలు ఎదురుగానే ఆమె కొట్టు.

"అన్నగారూ, మా ఆయన ఎన్నో దాంట్లో ఉన్నాడు?"

"నాలుగో దాంట్లో. స్కూటరు ఆపి కెమెరాకి చెయ్యూపబోయి, స్పీకరు వైరు కాలికి తగిలి పడబోయాడు."

"పడలేదు కదా?"

"పడలేదు. నవ్వాడు."

"ఫోటోల్లో ఎక్కడా నవ్వడండీ. పోలీసుస్టేషన్లో తీయించుకున్నట్టు ఉంటాడు. అదొక్కసారి చూస్తాను" అని కత్తెర చేత్తోనే వెళ్ళిపోయింది.

నేను బావ వెనకే మెట్లెక్కాను. ఎందుకెక్కానో తెలియదు. కింద ఉండిపోవచ్చు, పని ఉందనవచ్చు.

మొదటి డబ్బా తీసి, ఖాళీగా ఉంటే నావైపు చూసి నవ్వాడు. ఆటపట్టిస్తున్నానని అనుకున్నాడు. రెండోది తీశాక నవ్వలేదు. తొమ్మిదోది తీసి, మూత మళ్ళీ పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు.

"వాసనొస్తున్నాయి, గాలి తగిలేచోట పెట్టాలి అనుకున్నానురా. అనుకున్నానా, పెట్టానా?"

"ఎప్పుడు?" అని అడిగాను. ఆ మాట అడిగింది నేనే.

"అదే గుర్తు రావడం లేదు. తాళంచెవి నా దగ్గరే ఉంది కదా. ఇంకెవరు తీస్తారు? నేనే తీశాను."

"చూద్దాంలే బావా. ఎక్కడికి పోతాయి."

మధ్యాహ్నం దాకా ఇద్దరం వెతికాం. తెర వెనక, టికెట్ల గదిలో, జనరేటరు షెడ్డులో. నేను బల్లల కింద కూడా వంగి చూశాను.

మార్చి 10

వెతికాం.

మార్చి 11

అక్క ఫోను. బావ అటక మొత్తం దించాడట. మంచం కింద పెట్టెలు లాగాడట. పక్కింటివాళ్ళని కూడా అడిగాడట.

"మీ బావకి మతిమరుపు వచ్చేసిందిరా" అంది.

"ఊరుకో అక్కా. ఎవరికి రాదు?"

"మొన్న నన్ను పిలవబోయి కూతురి పేరు పెట్టి పిలిచాడు. పోయిన వారం కుళాయి కట్టకుండా బయటికి వెళ్ళాడు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికాడు."

"కళ్ళజోడు సంగతి పెళ్ళినాటినుంచీ ఉన్నదే కదా."

"అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదురా. నువ్వొక్కడివే ఆయన్ని వెనకేసుకొస్తున్నావు. నువ్వు పక్కనుండబట్టి సరిపోయింది."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ గదిలోనే ఉన్నాను. భోజనానికి మా ఆవిడ రెండుసార్లు పిలిచింది.

మార్చి 13

ముగింపు ఆట రోజున చదవడానికి హాలు చరిత్ర రెండు పేజీలు రాయమన్నారు. ఇక్కడ చిత్తు రాస్తున్నాను.

"ఈ హాలు మొదట ధాన్యం గిడ్డంగి. రేకుల కప్పు. వాన పడితే మాటలు వినపడేవి కావు. వాన తగ్గాక ఆ సీను మళ్ళీ వెయ్యమని జనం పట్టుబట్టేవారు, వేసేవాళ్ళం. ముందు నేల, తర్వాత బెంచీలు, చివర కుర్చీలు. కుర్చీల వెనక నాలుగు సోఫాలు ఓనరుగారి బంధువులకి. బంధువులు రానిరోజు వాటిలో నల్లులు ఉండేవి, వచ్చినరోజూ ఉండేవి.

"కొత్త సినిమా ఒకటే ప్రింటు, మనకీ పక్క ఊరి హాలుకీ కలిపి. వాళ్ళు వేసిన రీలు సైకిలు మీద మనకి వచ్చేది. ఒకరోజు సైకిలు పంచరై మూడో రీలు ఐదో దాని తర్వాత వచ్చింది. చనిపోయిన హీరో లేచొచ్చి తోటలో పాట పాడాడు. జనం ఈలలు వేశారు. టికెట్టు డబ్బు వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు. ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని తెలిస్తే ఆపరేటరు ఒక పాట తగ్గించేవాడు. బస్సు డ్రైవరు హాల్లోనే ఉన్నాడని తెలిస్తే తగ్గించేవాడు కాదు.

"ఓనరుగారు ఎక్కడో కార్లలో కూర్చుని సినిమా చూడటం చూసొచ్చారు. హాలు వెనక పొలం చదును చేయించి, గోడంత తెర కట్టించారు. కార్లు నిలపడానికి వరసలు, వరసకి కొన్ని స్తంభాలు, స్తంభానికో స్పీకరు. స్పీకరు తీసి కారు అద్దానికి తగిలించుకోవాలి. అప్పుడు ఊళ్ళో కార్లు పదకొండు. మిగతా చోటంతా ట్రాక్టర్లు, స్కూటర్లు, చాపలు వేసుకున్న సంసారాలు. స్పీకరు ఉందన్న సంగతి మర్చిపోయి కారు ముందుకి పోనిచ్చి వైరుతో సహా ఇంటికి పట్టుకెళ్ళినవాళ్ళున్నారు. మర్నాడు సిగ్గుపడుతూ తెచ్చి ఇచ్చేవారు. తర్వాత స్పీకర్లు పోయి రేడియోలో మాటలు వచ్చే ఏర్పాటు వచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మేడల మీద కూర్చుని రేడియో పెట్టుకుని టికెట్టు లేకుండా చూశారు.

"వీడియో వచ్చింది, టీవీ వచ్చింది, నేల క్లాసు ఖాళీ అయింది. రీళ్ళు పోయి, సినిమా మొత్తం పట్టే ఇటుకరాయంత పెట్టె వచ్చింది, దానికో రహస్య సంఖ్య. బైపాసు మీద ఐదు తెరల హాలు కట్టారు. ఊరికి పదకొండు కార్లున్నప్పుడు మైదానం నిండింది. ఇంటికో కారు వచ్చాక మైదానం ఖాళీ అయింది.

"ఆ మైదానంలో తొమ్మిదేళ్ళు ఊరివాళ్ళని సినిమా తీశారు. ఆ రీళ్ళు"

ఇక్కడ ఆగాను. ఆ వాక్యానికి క్రియ దొరకలేదు.

మార్చి 15

సంగ్రహాలయం మేడం వచ్చారు. చిన్న మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. చేతిలో రికార్డరు. బావ ఆమెని క్యాబిన్లో తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలో ఓనరుగారిని కూడా కూర్చోనిచ్చేవాడు కాదు.

ఆమె అడక్కముందే చెప్పాడు.

"రీళ్ళు నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయానమ్మా. వాసనొస్తున్నాయని తీశాను. ఎక్కడ పెట్టానో తెలియడం లేదు. మీ పుస్తకంలో రాసుకోండి, ఆపరేటరు పోగొట్టాడని."

"అలా రాయనండి. వెతుకుతున్నారు కదా."

"రాయండమ్మా. నా పేరు మీదే రాయండి. ఊరివాళ్ళు ఇంకెవర్నో అనడం నాకిష్టం లేదు."

ఆమె నావైపు తిరిగారు. "మేనేజరుగారూ, మీకేమైనా గుర్తుందా? ఇంకెవరైనా స్టోరులోకి వెళ్ళే వీలుందా?"

"స్టోరు తాళంచెవి ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుందండి" అన్నాను.

ఆ వాక్యాన్ని ఇప్పుడు మళ్ళీ రాసి చూశాను. అందులో అబద్ధం లేదు. ఏ మాటా తప్పు కాదు. ఆమె రికార్డరు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

వెళ్ళేటప్పుడు ఆమె గేటు దగ్గర నాతో మెల్లగా అన్నారు, "పెద్దాయన్ని ఎవరికైనా చూపించండి. ఇలాంటివి మొదట్లో తెలిస్తే మంచిది."

మార్చి 16

గేటు దగ్గర బావతో నిలబడి ఉంటే పాత సామాన్లవాడు బండి ఆపాడు.

"సార్, ఇంకేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు, వెళ్ళు" అన్నాను. వెళ్ళిపోయాడు.

"ఎవరురా?"

"సామాన్లు కొంటాడట."

"కొననీ. నన్ను కూడా తూకానికి వేసెయ్. బొజ్జ ఉంది, బాగానే తూగుతాను" అన్నాడు. డబ్బాలు ఖాళీగా చూసిన తర్వాత బావ వేసిన మొదటి జోకు. నేను నవ్వాను కూడా.

మార్చి 18

బావ తాళంచెవుల గుత్తి నాకిచ్చేశాడు.

మేనకోడలు వచ్చింది. మందుల షాపు నడుపుతుంది, మా కుటుంబంలో ఏ రోగానికైనా మొదటి మాట తనదే. బావ ఎదుటే అడిగింది.

"మామయ్యా, ఆ పాత మెషిన్లో దీపం ఎంత వేడెక్కుతుంది?"

"చాలా."

"చూసుకోకపోతే?"

"అంటుకుంటుంది" అన్నాను. ఇది కూడా నిజమే.

"నాన్నా, ఇరవై తొమ్మిదిన మెషిన్ దగ్గర నువ్వు వద్దు. రీళ్ళెలాగూ లేవు. బైపాసు హాలు అబ్బాయి వచ్చి పెట్టె మీద ఏదో ఒక సినిమా వేస్తాడు. నువ్వు ముందు వరసలో కూర్చో, నీకు శాలువా కప్పుతారు."

బావ గొడవ చేస్తాడనుకున్నాను. చెయ్యాలని కోరుకున్నాను. గుత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

"దాని మాటే నిజంరా. నా చేతిమీద నాకే నమ్మకం పోయింది. ఆ రోజు మైదానంలో పిల్లలు కూర్చుంటారు. ఏదైనా అయితే?"

"ఏమీ కాదు బావా."

"నీకేం తెలుసు?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా.

మార్చి 19

అక్కతో చెప్పాలని వెళ్ళాను. వంటింట్లో పీట వేసింది. మొదలుపెట్టేలోపు తనే అంది:

"బుధవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. రోజూ పక్కనుండేవాళ్ళు ఒకరు రావాలట. ఏం మర్చిపోతున్నాడు, ఎలా ఉంటున్నాడు, వాళ్ళనే అడుగుతారట. నేను ఇంట్లో మనిషిని, నాకేం తెలుసు? నువ్వు రావాలిరా."

వస్తానన్నాను. కాఫీ తాగి వచ్చేశాను.

మార్చి 20

ఇవాళ బావకే చెబుదామని బయల్దేరాను. దారిలో వాన.

మార్చి 22

మైదానంలో బావతో నడిచాను. కొన్నవాళ్ళు స్తంభాలు పీకించడం మొదలుపెట్టారు. పీకినచోట గుంతలు. బావ ప్రతి గుంత దగ్గరా ఆగి లోపలికి చూశాడు.

"డాక్టరు నెలలు వెనకనుంచి చెప్పమంటాడట. వందలోంచి ఏడు తీసుకుంటూ పొమ్మంటాడట. మీ అక్క రోజూ నాచేత చెప్పిస్తోంది. నాకు లెక్కలు ఎప్పుడొచ్చాయిరా? బళ్ళోనే రాలేదు."

"నాకూ రావు."

"నీకు రాకపోతే లెక్కలు రావంటారు. నాకు రాకపోతే రోగమంటారు."

తెర వెనక్కి వచ్చాక ఆగాడు.

"ఒరేయ్, ఒకటి అడుగుతాను. జ్వరం వచ్చిన రెండోరోజు. పొద్దున. నువ్వు మా ఇంటికి వచ్చావు కదూ? తాళంచెవి కావాలన్నావు. దుప్పట్లోంచి ఇచ్చాను. అన్నీ పారెయ్యకు అన్నాను కూడా. ఇది జరిగిందా, జ్వరంలో నాకు అలా అనిపించిందా? మీ అక్కని అడిగితే నువ్వసలు రాలేదంటోంది."

అన్నీ సరిగ్గా చెప్పాడు. మాటతో సహా.

పక్కన పలుగులతో పనివాళ్ళున్నారు, కానీ దూరంగా ఉన్నారు. వాన లేదు. బావకి జ్వరం లేదు, నీరసం లేదు. మేమిద్దరమే ఉన్నాం. అడుగుతున్నది నన్ను.

"లేదు బావా. నేను రాలేదు" అన్నాను.

తల ఊపాడు. రెండు మూడుసార్లు ఊపాడు. "అయితే అదీ అంతేనన్నమాట" అన్నాడు. అక్కడున్న ఇటుకల మీద కూర్చున్నాడు. లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు.

ఇవాళ్టిదాకా నేను చేసింది చెప్పకపోవడం. ఇవాళ అబద్ధం చెప్పాను.

మార్చి 23

రాయను.

మార్చి 24, మంగళవారం

రెండురోజులుగా బావ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదని అక్క చెప్పింది. ఏదైనా చెప్పబోయి, 'ఇది జరిగిందా?' అని ముందు తనని అడుగుతున్నాడట. పెళ్ళిచూపుల రోజు సంగతి కూడా అలాగే అడిగాడట. "జరిగింది, నేనూ ఉన్నాను కదా అన్నానురా" అని ఏడ్చింది.

సాయంత్రం వెళ్ళాను. టైలరమ్మ బయటికి వస్తూ ఎదురైంది. బావ ఆమెని పిలిపించాడట. క్షమించమన్నాడట. "ఏం క్షమాపణ అండీ, పాపం. మా ఆయన ఎలా నవ్వాడో తనే నవ్వి చూపించబోయాడు. మధ్యలో ఆపేసి, నాకు సరిగ్గా గుర్తుందో లేదో అన్నాడు" అంది.

బావ కుర్చీలో ఉన్నాడు. జుట్టుకి రంగు వెయ్యలేదు, కుదుళ్ళ దగ్గర తెల్లగా ఉంది. ఎడమ అరచేతిలో పెన్నుతో ఇవాళ్టి తేదీ, వారం రాసుకున్నాడు. నేను చూస్తున్నానని పిడికిలి మూశాడు.

"రేపు చెరిపి రేపటిది రాసుకోవాలి" అన్నాడు.

"బావా."

"నన్ను చెప్పనీ. రేపు డాక్టరు నిన్ను అడుగుతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. బావ కదా, బాధపడతాడు అని తగ్గించి చెప్పకు. మీ అక్క దాస్తుంది, కూతురు భయపెడుతుంది. నువ్వు మేనేజరువి, ఏది ఎంతో అంతే చెప్తావు. అందుకే నిన్ను రమ్మన్నది. మీ అక్క కాదు, నేనే రమ్మన్నాను."

నేను ఏమన్నానో రాయాలి. "సరే బావా" అన్నాను.

ఇంటికొచ్చి మొదటి పేజీనుంచి చదివాను. జరిగింది జరిగినట్టు రాస్తానని రాశాను. తప్పు రాసినవి ఉన్నాయి. డబ్బాలు చరిత్ర కోసం పెట్టలేదు. రీళ్ళు ఎవరో డబ్బాల్లోంచి తీశారని అనుకోవడానికి పెట్టాను. డబ్బాలతో సహా పోతే పాత సామాన్లవాడు గుర్తొస్తాడు, డబ్బాలుండి రీళ్ళు పోతే బావ గుర్తొస్తాడు. అది ఐదో తేదీన కొట్టులో నిలబడినప్పుడే నాకు తెలుసు. మర్చిపోయింది నేను. ఆ మతిమరుపుకి వైద్యం చేయించుకోవడానికి బావ వెళ్తున్నాడు.

మా ఆవిడకి చెప్పాను. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది మొదట తనకి చెప్పాను. "మీ అక్క మొహం మళ్ళీ ఎలా చూస్తారు?" అంది. కోపంతో అడగలేదు, తెలుసుకోవాలని అడిగింది.

"ఇప్పుడే వెళ్ళి చెప్పండి" అంది.

"రేపు" అన్నాను. నావైపు చూసిన చూపుకి లేచి వెళ్ళి మేనకోడలికి ఫోను చేశాను.

డాక్టరు ముందు బావని ఒక్కడినే చూస్తాడు. తర్వాత బావని బయట కూర్చోబెట్టి నన్ను ఒక్కణ్ణే పిలుస్తాడు. పద్ధతి అదట. ముక్కూ మొహం తెలియని డాక్టరుకి తలుపు వేసుకుని చెప్పడం నావల్ల అయ్యే పనే, కానీ అది బావకి చెప్పినట్టు కాదు. అందుకే అడిగాను.

"అమ్మా, నన్ను పిలిచేటప్పుడు మీ నాన్ననీ అమ్మనీ కూడా లోపలే ఉండనిమ్మని డాక్టరుని అడుగుతావా? నువ్వు కూడా ఉండు."

"నాన్న ఎదుట వద్దు మామయ్యా. తన గురించి చెప్తుంటే తట్టుకోలేడు."

"చెప్పేది తన గురించి కాదు."

"మరి ఎవరి గురించి?"

"రేపు చెప్తాను. ముందు అడుగు."

పావుగంటకి తనే ఫోను చేసింది. డాక్టరు ఒప్పుకున్నాడట.

రేపు తొమ్మిదిన్నరకి మేనకోడలు కారు తెస్తుంది. ముందు సీట్లో బావ, వెనక అక్కా నేనూ. పదిన్నరకి డాక్టరు. నలుగురికీ కుర్చీలు వేయిస్తామన్నారు.